పాతిక పిన్నుల చదువు

డెస్క్‌టాప్ కంప్యూటర్ వెనకవైపు ఒకప్పుడు ముదురు గులాబీ రంగులో, రెండు వరసల్లో పాతిక రంధ్రాలతో వెడల్పాటి కనెక్టర్ ఒకటి ఉండేది. దానికి తగిలించేది ఎక్కువగా ప్రింటరే కాబట్టి అందరూ ప్రింటర్ పోర్ట్ అన్నారు. ఇంజనీర్లు ప్యారలల్ పోర్ట్ అన్నారు. దాని పక్కన తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్ట్, కొన్ని మెషీన్లలో జాయ్‌స్టిక్ కోసం పదిహేను రంధ్రాల గేమ్ పోర్ట్ ఉండేవి. ఇవాళ షాపుకెళ్లి మామూలు ల్యాప్‌టాప్ కొంటే ఈ మూడింటిలో ఒక్కటీ కనిపించదు. ప్రింటర్లు యూఎస్‌బీకీ వైఫైకీ మారిపోయాక ఈ పాత రంధ్రాల కోసం బెంగ పెట్టుకునేవాళ్లు ఎవరుంటారని అనిపించవచ్చు. ఉన్నారు. సొంతంగా సర్క్యూట్లు కట్టుకునే కుర్రాళ్లు, అభిరుచి కోసం రేడియో నడిపే హామ్ రేడియో వాళ్లు, ల్యాబులో పరికరాలు తామే తయారు చేసుకునే ఫిజిక్స్ లెక్చరర్లు, రిపేరు షాపులవాళ్లు, ఇంట్లో కంప్యూటర్ ఆదేశాలతో వస్తువులు చెక్కే చిన్న సీఎన్‌సీ మెషీన్ నడుపుకునేవాళ్లు. సంఖ్యలో వీళ్లు కొద్దిమందే. కానీ ఒక దేశంలో ఎలక్ట్రానిక్స్ తెలిసిన మనుషులు పుట్టుకొచ్చేది ఎక్కువగా ఈ కొద్దిమందిలోంచే. వాళ్ల చేతుల్లోంచి జారిపోయింది ఒక ప్లగ్గు మాత్రమే అయితే దాని గురించి పేపర్లో రాయాల్సిన పని లేదు. కంప్యూటర్‌ని బయటి ప్రపంచంతో ఎవరి అనుమతీ అడగకుండా నేరుగా కలిపే దారి ఒకటి మూసుకుపోయింది. దాని బదులు వచ్చినవాటిలో ఏది తీసుకోవాలి, ఏది వద్దనాలి అనే ఆలోచన మన బడులూ కాలేజీలూ వాటికి డబ్బిచ్చే ప్రభుత్వాలూ ఇంతవరకూ చేసినట్టు లేదు. నా ఫిర్యాదు అదే.

ముందు ఆ పోర్ట్ ఏం చేసేదో దగ్గరగా చూద్దాం. పాతిక పిన్నుల్లో రెండు నుంచి తొమ్మిది వరకు ఎనిమిది డేటా లైన్లు. పద్దెనిమిది నుంచి పాతిక వరకు అన్నీ గ్రౌండ్. రెండో పిన్ను నుంచి ఒక రెసిస్టర్, దాని కొసన చిన్న ఎల్‌ఈడీ, ఎల్‌ఈడీ రెండో కాలు పాతికో పిన్నుకి. అంతే సర్క్యూట్. హెక్సాలో 378 అనే అడ్రసుకి ఒకటి అనే అంకె పంపితే ఎల్‌ఈడీ వెలుగుతుంది, సున్నా పంపితే ఆరిపోతుంది. టర్బో సీలో దానికి ఒకే ఒక్క వాక్యం చాలు. ఎనిమిది పిన్నులకీ ఎనిమిది ఎల్‌ఈడీలు పెట్టి 255 పంపితే అన్నీ వెలుగుతాయి, 170 పంపితే ఒకటి విడిచి ఒకటి వెలుగుతాయి. బైనరీ సంఖ్యలు పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా బుర్రకెక్కని పిల్లాడికి అవి కళ్లెదుట వరసగా నిలబడేవి. ఎల్‌ఈడీల స్థానంలో ట్రాన్సిస్టర్, రిలే పెడితే ఫ్యాన్ తిరుగుతుంది, స్టెపర్ మోటార్ పెడితే అడుగులు వేస్తుంది. బయటి స్విచ్చులూ సెన్సర్లూ చదవడానికి ఐదు స్టేటస్ లైన్లు, అదనంగా నాలుగు కంట్రోల్ లైన్లు ఉండేవి. మొత్తం పదిహేడు తీగలు, ప్రతిదాని పని ఏమిటో బహిరంగంగా అచ్చయిన సమాచారం. సెంట్రానిక్స్ కంపెనీ 1970లో తన ప్రింటర్ కోసం తయారుచేసిన ఈ పద్ధతిని 1981లో ఐబీఎం తన పీసీలో పెట్టింది. ఇది ఎలక్ట్రానిక్స్ పాఠశాల అవుతుందని వాళ్లెవరూ అనుకోలేదు. సులభంగా, బహిరంగంగా ఉండటం వల్ల అయింది.

సీరియల్ పోర్ట్‌ది ఇంకా పాత వంశం. ఆర్‌ఎస్‌-232 ప్రమాణం 1960 నాటిది. పంపడానికి ఒక తీగ, అందుకోడానికి ఒక తీగ, గ్రౌండ్. మ్యాక్స్‌232 అనే చిన్న ఐసీ ఒకటి మధ్యలో పెడితే ఏ మైక్రోకంట్రోలరైనా పీసీతో మాట్లాడేది. హామ్ రేడియో వాళ్లు ఇదే పోర్ట్‌తో రేడియో ఫ్రీక్వెన్సీ మార్చేవాళ్లు, దాని ఆర్‌టీఎస్ లైన్‌తో ట్రాన్స్‌మిటర్‌ని ఆన్ చేసేవాళ్లు. గేమ్ పోర్ట్‌కి ఇంకో విద్య ఉంది. జాయ్‌స్టిక్‌లో రెసిస్టెన్స్ ఎంతో కొలవడం దాని పని కాబట్టి, జాయ్‌స్టిక్ బదులు థర్మిస్టర్ పెడితే పీసీ థర్మామీటర్ అయ్యేది. ఢిల్లీ నుంచి వచ్చే ‘ఎలక్ట్రానిక్స్ ఫర్ యూ’ పత్రికలో ప్యారలల్ పోర్ట్‌తో ఇంట్లో లైట్లూ ఫ్యాన్లూ నడిపే సర్క్యూట్లు అచ్చయ్యేవి. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీకి ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ సామాన్ల కోసం వెళ్లిన తరాలకి ఆ రిబ్బన్ కేబుల్, ఆ డీ ఆకారపు కనెక్టర్ బాగా గుర్తుంటాయి.

కోల్‌కతాలో గుజరాతీ గల్లీకి సాటి చాందినీ. ఎస్‌ప్లనేడ్‌కి కాస్త ఉత్తరాన, సెంట్రల్ అవెన్యూకీ గణేశ్ చంద్ర అవెన్యూకీ ఆనుకుని ఉన్న ఈ బజారులో రెసిస్టర్ల నుంచి పాత మదర్‌బోర్డుల దాకా, ఆంప్లిఫయర్ బోర్డుల నుంచి రిమోట్‌ల దాకా అన్నీ దొరుకుతాయి. విడి భాగం కొనుక్కుని ఇంటికెళ్లి అతికించుకునే అలవాటు ఈ నగరానికి చాలా పాతది. బరానగర్‌లోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో, మన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు దశాబ్దాల పాటు పనిచేసిన ఆ సంస్థలోనే, 1953లో సమరేంద్ర కుమార్ మిత్ర ఆధ్వర్యంలో ఒక అనలాగ్ కంప్యూటర్ తయారైంది. పది చరరాశులున్న సమీకరణాలని అది సాధించేది. 1966లో అదే సంస్థ జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంతో కలిసి ట్రాన్సిస్టర్లతో ఐసిజు అనే డిజిటల్ కంప్యూటర్ నిర్మించింది. ఆ రోజుల్లో కంప్యూటర్ వాడేవాళ్లూ దాని తీగలు ముట్టుకునేవాళ్లూ ఒకే గదిలో ఉండేవాళ్లు. తర్వాత వచ్చిన పీసీ డబ్బాలోపలి తీగల్ని దాచేసినా, వెనకవైపు పాతిక పిన్నులు బయటికి వదిలింది. వాడేవాళ్లకీ కట్టేవాళ్లకీ మధ్య ఆ మాత్రం సంబంధం రెండు దశాబ్దాలకు పైగా మిగిలిందంటే ఆ పోర్ట్‌ల వల్లే.

ఇక అది ఎలా ముగిసిందో చూడాలి. 1996లో యూఎస్‌బీ మొదటి ప్రమాణం వచ్చింది. ఇంటెల్‌లో దాని రూపకల్పనకి ముందు నిలిచినవాడు బరోడాలో చదివిన అజయ్ భట్. మౌస్‌కి ఒక రంధ్రం, మోడెమ్‌కి ఒకటి, ప్రింటర్‌కి ఒకటి, ప్రతిదానికీ సెట్టింగులు, కొత్త కార్డు పెడితే పాతది పనిచేయకపోవడం, ఇవన్నీ అనుభవించిన మామూలు మనుషులకి యూఎస్‌బీ నిజంగా మేలు చేసింది. 1998లో ఆపిల్ ఐమ్యాక్ పాత పోర్ట్‌లన్నిటినీ ఒక్కసారిగా తీసేసింది. మైక్రోసాఫ్ట్, ఇంటెల్ కలిసి రాసిన పీసీ డిజైన్ మార్గదర్శకాలు కూడా వీటికి స్వస్తి చెప్పమని ఒత్తిడి చేశాయి. అయితే రంధ్రం మాయం కావడానికి ముందే సాఫ్ట్‌వేర్ దానికి తాళం వేసిందన్న సంగతి చాలామంది గమనించలేదు. విండోస్ 95, 98లో ఏ ప్రోగ్రామైనా 378కి నేరుగా రాయగలిగేది. విండోస్ ఎన్‌టీ, 2000, 2001లో వచ్చిన ఎక్స్‌పీ దాన్ని ఆపేశాయి. కంప్యూటర్ భద్రత దృష్ట్యా అది సరైన పనే. అభిరుచిపరులు ఇన్‌పౌట్‌32 లాంటి చిన్న డ్రైవర్లతో దారి చేసుకున్నారు. 64 బిట్ విండోస్ వచ్చాక డ్రైవర్‌కి డిజిటల్ సంతకం తప్పనిసరి అయింది. మన చాలా కాలేజీల్లో ఇప్పటికీ టర్బో సీని, పాత పీసీని అనుకరించే డాస్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో నడుపుతారు. 378కి అంకె పంపే ఆ అవుట్‌పోర్ట్ వాక్యం అందులో ఇప్పటికీ తప్పు లేకుండా కంపైల్ అవుతుంది, రన్ అవుతుంది, కానీ ఒక్క వోల్టు కూడా బయటికి రాదు. నకలు కంప్యూటర్‌లోని నకలు అడ్రసుకి అంకె వెళ్లి అక్కడే ఆగిపోతుంది. సిలబస్ మారలేదు, అది తాకే వస్తువు లేకుండా పోయింది.

పోర్ట్ పోయినా కన్వర్టర్ కేబుల్ కొంటే సరిపోతుంది కదా అనేవాళ్లు రెండు సాంకేతిక విషయాలు తెలుసుకోవాలి. యూఎస్‌బీ నుంచి ప్యారలల్‌కి మార్చే కేబుళ్లు ప్రింటర్ల కోసం చేసినవి. వాటికి 378 అడ్రసు ఉండదు, ఒక్కో పిన్నుని విడిగా ఆన్ చేయడం కుదరదు. ఇది తెలియక ఆ కేబుల్ కొని, పాత చిప్ ప్రోగ్రామర్‌ని దానికి తగిలించి, తన సోల్డరింగే తప్పనుకుని రోజులు వృథా చేసుకోవడం ఈ రంగంలో మామూలు కథ. కొత్త స్లాట్లకి సరిపోయే ప్యారలల్ కార్డులు దొరుకుతాయి, కానీ వాటి అడ్రసు సిస్టమ్ నిర్ణయించేది. 378 అని తనలోనే రాసేసుకున్న పాత సాఫ్ట్‌వేర్‌కి ఆ కార్డు కనిపించదు. రెండోది సమయం. ప్యారలల్ పోర్ట్‌కి ఒక అంకె రాయడానికి ఇంచుమించు ఒక మైక్రోసెకను పట్టేది. ఫుల్ స్పీడ్ యూఎస్‌బీలో మాటామంతీ ఒక్కో మిల్లీసెకను ముక్కలుగా జరుగుతుంది, సాధారణ సీరియల్ కన్వర్టర్లలో ఆలస్యం ఇంకా ఎక్కువ. డేటా మొత్తంగా చూస్తే యూఎస్‌బీయే ఎన్నో రెట్లు వేగం. కానీ మోటార్‌కి ఈ క్షణాన ఒక అడుగు, సరిగ్గా ఇంతసేపటికి ఇంకో అడుగు అని చెప్పాల్సిన చోట మొత్తం వేగం అక్కరకు రాదు, సమయపాలన కావాలి. సీఎన్‌సీ మెషీన్లు నడిపే లైనక్స్‌సీఎన్‌సీ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు ఇప్పటికీ పాత ప్యారలల్ పోర్ట్ ఉన్న డెస్క్‌టాప్‌ల కోసం వెతకడానికి కారణం ఇదే.

ఇప్పుడు అసలైన అభ్యంతరానికి వద్దాం, ఎందుకంటే అది బలమైనది. ఆ పాత పోర్ట్ ఉన్న కాలంలో పీసీ ఎంతమంది ఇళ్లలో ఉండేది? తొంభైల్లో ఒక పీసీ ధర మధ్యతరగతి కుటుంబానికి నెలల జీతం. అంత ఖరీదైన మెషీన్ వెనక చేత్తో తీగలు పెట్టడానికి తండ్రి ఒప్పుకునేవాడా? ఒక్క తీగ తప్పు తగిలితే పోర్ట్ కాలిపోయేది, ఒక్కోసారి మదర్‌బోర్డే పోయేది. దానికి భిన్నంగా ఇవాళ కొన్ని వందల రూపాయలకి ఆర్డుయినో అనే మైక్రోకంట్రోలర్ బోర్డుకి క్లోన్ దొరుకుతుంది. కాలిపోతే ఆ కొన్ని వందలే నష్టం. ప్యారలల్ పోర్ట్‌లో లేని అనలాగ్ ఇన్‌పుట్లు అందులో ఉన్నాయి, కేబుల్ తీసేసి బ్యాటరీ పెడితే ఒంటరిగా పనిచేస్తుంది. వైఫై, బ్లూటూత్ కూడా ఉన్న ఈఎస్‌పీ32 బోర్డు కూడా అదే స్థాయి ధరకి వస్తుంది. 2012లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మొదటి నమూనా మీదే ఇరవై ఆరు పిన్నులు బయటికి ఉన్నాయి, తర్వాత నలభై అయ్యాయి. సమయపాలన కావాలంటే మోటార్ పని చిన్న బోర్డుకి అప్పగించి, పీసీ ఆదేశాలు మాత్రం ఇస్తే సరిపోతుంది. పాత పోర్ట్ పోవడం వల్ల అభిరుచి చచ్చిపోలేదు, పేదవాళ్ల ఇళ్లలోకి అడుగుపెట్టింది అని ఎవరైనా అంటే వాళ్ల మాటలో చాలావరకు నిజముంది. ప్యారలల్ పోర్ట్‌ని మళ్లీ తీసుకురమ్మని నేను అడగడం లేదు. పల్చటి ల్యాప్‌టాప్‌లో దానికి చోటెక్కడుందో నాకూ తెలియదు.

నేను అడిగేది వేరు. ఆ చౌక బోర్డుకీ కంప్యూటర్‌కీ మధ్య ఇప్పుడు ఎవరు కూర్చున్నారు? పాత పోర్ట్‌లో మధ్యవర్తి లేడు. యూఎస్‌బీలో ప్రతి పరికరమూ తన కంపెనీ నంబరూ వస్తువు నంబరూ చెప్పుకుంటేనే కంప్యూటర్ గుర్తిస్తుంది. ఆ కంపెనీ నంబరు కావాలంటే యూఎస్‌బీ సంఘానికి 6,000 డాలర్లు కట్టాలి, అంటే సుమారు ఐదు లక్షల రూపాయలు. చాందినీ పక్క సందులో పది బోర్డులు చేసి అమ్ముకుందామనుకునే కుర్రాడికి అది ఏడాది సంపాదన కంటే ఎక్కువ కావచ్చు. అందుకే అందరూ ఎవరో ఒకరి కన్వర్టర్ చిప్ కొని అతికిస్తారు. ఆ చిప్‌కి ఆ కంపెనీ డ్రైవర్ కావాలి. దీని అర్థం ఏమిటో 2014 అక్టోబరులో ప్రపంచమంతా చూసింది. ఎఫ్‌టీడీఐ కంపెనీ సీరియల్ చిప్‌లకి బజారులో విపరీతంగా నకళ్లు వచ్చాయి. ఆ కంపెనీ కొత్త డ్రైవర్ విండోస్ అప్‌డేట్ ద్వారా వెళ్లి, నకిలీ చిప్ కనబడితే దాని వస్తువు నంబరుని సున్నాగా మార్చేసింది. అంతవరకూ పనిచేసిన బోర్డుని ఆ తర్వాత కంప్యూటర్ గుర్తించలేదు. గగ్గోలు లేచాక ఆ డ్రైవర్‌ని వెనక్కి తీసుకున్నారు. నకిలీలని అడ్డుకునే హక్కు కంపెనీకి ఉంది, దాన్ని నేను కాదనను. కానీ కొన్నవాడికి అది నకిలీ అని తెలిసే మార్గం లేదు. తప్పు చేసినవాడు ఎక్కడో ఉంటే, శిక్ష బ్రెడ్‌బోర్డు ముందు కూర్చున్న విద్యార్థికి పడింది. ప్యారలల్ పోర్ట్‌లో ఇలాంటిది జరగడానికి వీలే లేదు. దూరంగా ఉన్న ఏ కంపెనీ కూడా రెండో పిన్నుని ఆపేయలేదు.

దీనికి యూఎస్‌బీ సమర్థకులు మంచి జవాబే ఇస్తారు. యూఎస్‌బీ ప్రమాణ పత్రాలు ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. సీడీసీ అనే ఉమ్మడి తరగతి ఒకటి ఉంది. దాన్ని పాటించే పరికరాన్ని లైనక్స్ ఎప్పటినుంచో నేరుగా గుర్తిస్తుంది, విండోస్ 10 నుంచి అక్కడా ప్రత్యేక డ్రైవర్ అక్కర్లేదు. వీ-యూఎస్‌బీ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో యూఎస్‌బీ హార్డ్‌వేరే లేని చిన్న ఏవీఆర్ చిప్ కూడా యూఎస్‌బీ మాట్లాడగలిగింది. దాని మీద కట్టిన యూఎస్‌బీఏఎస్‌పీ ప్రోగ్రామర్, ప్యారలల్ పోర్ట్ ప్రోగ్రామర్ల స్థానాన్ని చాలావరకు భర్తీ చేసింది. ఇవన్నీ నిజాలే, నా వాదనకి ఇవి బలం కూడా. తలుపు తెరిచి ఉంచే మార్గం యూఎస్‌బీలోనే ఉందన్నమాట. ఆ మార్గంలో ఉన్న వస్తువు మన చేతికి ఎందుకు రావడం లేదు? 2010లో వచ్చిన అసలు ఆర్డుయినో ఊనోలో కంప్యూటర్‌తో మాట్లాడే చిప్ కూడా మైక్రోకంట్రోలరే. అది సీడీసీ పద్ధతి పాటిస్తుంది, అందులోని ప్రోగ్రామ్‌ని ఎవరైనా చదవవచ్చు, మార్చుకోవచ్చు. క్లోన్లు చేసేవాళ్లు ఖర్చు తగ్గించడానికి సరిగ్గా ఆ భాగాన్నే తీసేసి సీహెచ్‌340 లాంటి సొంత డ్రైవర్ అడిగే చిప్ పెట్టారు. ఇంటర్నెట్ సరిగా లేని పల్లె కాలేజీ ల్యాబులో పాత విండోస్ మెషీన్‌కి ఆ బోర్డు తగిలిస్తే, కోర్సులో మొదటి గంట డ్రైవర్ వెతుక్కోవడానికే పోతుంది. అంతకంటే అధ్వాన్నం, పిల్లలు నేర్చుకునే మొదటి పాఠం ఏమిటో చూడండి. ఎల్‌ఈడీ ఎందుకు వెలిగిందో కాకుండా, ఎక్కడో తెలియని చోట నుంచి ఏదో దించుకుంటే తప్ప ఏదీ పనిచేయదన్నది.

బజారులో తక్కువ ధరే అన్నీ నిర్ణయిస్తుంది, దాన్ని తప్పుపట్టి లాభం లేదు. కానీ ఆ చౌక వస్తువుని పరీక్షించి వాడుకునే అలవాటు ఉండాలి. ల్యాప్‌టాప్ రిపేరు చేసేవాళ్ల చేతిలో ఇప్పుడు సీహెచ్‌341ఏ అనే చిన్న నల్ల ప్రోగ్రామర్ ఉంటుంది. బయోస్ చిప్‌ని చదవడానికీ రాయడానికీ ఇది వాడతారు. ఇదే పనికి ఒకప్పుడు ప్యారలల్ పోర్ట్ నుంచి నాలుగైదు తీగలు లాగేవాళ్లు. ఈ నల్ల బోర్డు బాగా ప్రచారంలో ఉన్న నమూనాలో ఒక లోపం ఉంది. చిప్‌కి ఇచ్చే పవర్ 3.3 వోల్టులే అయినా డేటా లైన్ల మీద 5 వోల్టులు వస్తాయి. చాలా చిప్‌లు తట్టుకుంటాయి, కొన్ని తట్టుకోవు. ఏ పిన్ను మీద ఎంత వోల్టేజ్ ఉంటుందో మల్టీమీటర్ పెట్టి చూసే అలవాటున్నవాళ్లు దీన్ని పట్టుకుని ఒక తీగ మార్చి సరిచేసుకుంటారు. పాతిక పిన్నుల పోర్ట్ నేర్పిన అలవాటు సరిగ్గా ఇదే. డబ్బాలో పెట్టి ఇచ్చిన మాడ్యూల్స్ ఆ అలవాటుని నేర్పవు.

పాత పోర్ట్ పోయినా చదువు పోకుండా కాపాడుకున్న సందర్భం ఒకటి మన దేశంలోనే ఉంది, దాని గురించి చాలా తక్కువమంది మాట్లాడతారు. ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌లో బి.పి.అజిత్ కుమార్ బృందం ఫీనిక్స్ అనే ప్రయత్నం మొదలుపెట్టింది. యూనివర్సిటీ విద్యార్థులు తక్కువ ఖర్చుతో ఫిజిక్స్ ప్రయోగాలు కంప్యూటర్‌తో చేయడానికి ఒక పెట్టె, దానికి పైథాన్‌లో సాఫ్ట్‌వేర్. మొదటి ఫీనిక్స్ పెట్టె పీసీకి ప్యారలల్ పోర్ట్ ద్వారానే తగిలేది. ఆ పోర్ట్ కనుమరుగయ్యే కాలంలో ఆ బృందం డిజైన్‌ని మైక్రోకంట్రోలర్ మీదికి మార్చింది, తర్వాత యూఎస్‌బీతో పనిచేసే ఎక్స్‌పైస్‌గా తీసుకొచ్చింది. పెండ్యులం డోలనకాలం కొలవాలన్నా, కెపాసిటర్ చార్జ్ అయ్యే తీరు గీయాలన్నా ఈ పెట్టె, ఒక కంప్యూటర్ ఉంటే చాలు. సర్క్యూట్ పటాలూ ప్రోగ్రామూ బహిరంగంగా ఉండటం వల్ల పోర్ట్ మారినా ప్రయోగాలు ఆగిపోలేదు. పాత పోర్ట్ మీద ఆధారపడిన మిగతా ఎన్నో కాలేజీ కిట్లు ఇలా మారలేక బీరువాల్లో మూలపడ్డాయి. రెండింటికీ ఉన్న తేడా పోర్ట్‌లో లేదు, లోపలి విషయం చెప్పారా దాచారా అన్నదాంట్లో ఉంది.

లోపలి విషయం బయటపెట్టే పని బజారు దానంతట అది చేయదు. కానీ పెద్ద కొనుగోలుదారు అడిగితే బజారు మారుతుంది, మన దేశంలో బడులకి పెద్ద కొనుగోలుదారు ప్రభుత్వమే. 1984లో కేంద్రం క్లాస్ అనే పథకం కింద బడులకి కంప్యూటర్లు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్నది బీబీసీ మైక్రో. దానికి ఎనిమిది లైన్ల యూజర్ పోర్ట్, నాలుగు చానెళ్ల అనలాగ్ పోర్ట్ ఉండేవి. టీచర్లకి తగిన శిక్షణ లేక చాలా బడుల్లో అవి వాడకుండానే దుమ్ముపట్టాయి, ఆ తప్పుని మరిచిపోకూడదు. అయినా ఆనాటి కొనుగోలులో బయటికి తీగ లాగే చోటు ఉన్న మెషీన్ దేశంలోని బడులకి చేరింది. ఇప్పుడు కేంద్రం బడుల్లో పెట్టిస్తున్న అటల్ టింకరింగ్ ల్యాబులు ఉన్నాయి. 2016లో మొదలై పదివేలకి చేరాయి, ఒక్కోదానికి 20 లక్షల రూపాయల దాకా గ్రాంటు. ఐదేళ్లలో ప్రభుత్వ బడుల్లో ఇంకో 50,000 ల్యాబులు పెడతామని 2025 బడ్జెట్‌లో ప్రకటించారు. లక్షల సంఖ్యలో బోర్డులు కొనబోతున్నారన్నమాట. ఆ టెండర్లలో రెండు వాక్యాలు చేర్చడానికి అదనపు ఖర్చు దాదాపు ఉండదు. కొనే బోర్డు సీడీసీ ప్రమాణం పాటించి, డ్రైవర్ లేకుండా పనిచేయాలి. దాని సర్క్యూట్ పటం బహిరంగంగా ఉండాలి. నాలుగు డాలర్ల ధరతో 2021లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై పీకో ఈ రెండు షరతులూ తీరుస్తుంది, కాబట్టి ఇవి గొంతెమ్మ కోరికలు కావు. ఇలాంటి షరతులు పెట్టడం ప్రభుత్వ పని కాదనేవాళ్లకి ఒక ఉదాహరణ చెప్పాలి. చార్జింగ్ కోసం యూఎస్‌బీ టైప్-సీకి భారతీయ ప్రమాణాన్ని బీఐఎస్ 2023 జనవరిలో ప్రచురించింది. ఫోన్ ఏ తీగతో చార్జ్ కావాలో ఆలోచించగలిగిన వ్యవస్థ, పిల్లల ప్రయోగాల తీగ గురించి కూడా ఆలోచించగలదు.

ఇంకో పని పాత మెషీన్లతో ఉంది. సీరియల్ పోర్ట్ నిజానికి చావలేదు. వెనక రంధ్రం లేకపోయినా చాలా డెస్క్‌టాప్ మదర్‌బోర్డుల మీద కామ్ అనే పేరుతో తొమ్మిది పిన్నుల గుత్తి ఇప్పటికీ ఉంటుంది, దానికి చిన్న కేబుల్ కలిపితే పోర్ట్ బయటికి వస్తుంది. ధాన్యం లారీలు తూచే వేబ్రిడ్జిలు, ఆస్పత్రి ల్యాబు యంత్రాలు, నెట్‌వర్క్ స్విచ్చుల కన్సోళ్లు, సెట్‌టాప్ బాక్సుల లోపలి టెస్ట్ పాయింట్లు, అన్నీ ఇంకా ఈ మూడు తీగల భాషే మాట్లాడతాయి. గంగాసాగర్ మేళాలో తప్పిపోయిన యాత్రికులని ఇళ్లకి చేర్చే పశ్చిమ బెంగాల్ రేడియో క్లబ్ లాంటి హామ్ బృందాల రేడియోలకీ ఈ భాష వచ్చు. ఐటీఐలోనో పాలిటెక్నిక్‌లోనో చదివిన కుర్రాడికి ఆ మూడు తీగల మీద మల్టీమీటర్ పెట్టడం వస్తే అది బతుకుతెరువు. కానీ కాలేజీలు పాత డెస్క్‌టాప్‌లని బరువు లెక్కన తుక్కుకి వేలం వేస్తున్నాయి. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలు రీసైక్లర్‌తో పాటు రీఫర్బిషర్‌ని, అంటే పాతదాన్ని బాగుచేసి మళ్లీ వాడకంలోకి తెచ్చేవాడిని కూడా గుర్తిస్తాయి. ఆ వీలుని వాడుకుని, ప్రతి పాలిటెక్నిక్ ఎలక్ట్రానిక్స్ ల్యాబులో అసలైన ప్యారలల్, సీరియల్ పోర్ట్‌లున్న రెండు మూడు మెషీన్లని లైనక్స్‌తో నిలబెట్టవచ్చు. లైనక్స్‌లో ఆ పాత అడ్రసుకి రాసే దారి ఇప్పటికీ తెరిచే ఉంది. మెషీన్ కాలిపోయినా తుక్కుకి పోయేదే కదా, విద్యార్థి భయపడకుండా తీగలు పెట్టవచ్చు. పాత పోర్ట్ మీద ఉన్న అతిపెద్ద అభ్యంతరం అక్కడ తీరిపోతుంది.

ఇదంతా కేంద్రమే చేయాలని చూస్తూ కూర్చోనక్కర్లేదు. దేశమంతటా సైన్స్ కేంద్రాలు నడిపే జాతీయ సైన్స్ మ్యూజియంల మండలి ప్రధాన కార్యాలయం కోల్‌కతా సాల్ట్‌లేక్‌లోనే ఉంది. పిల్లలు వస్తువులు చేసుకునే ఇన్నొవేషన్ హబ్‌లు దాని కేంద్రాల్లో నడుస్తున్నాయి. హైదరాబాద్‌లో 2023లో ప్రారంభమైన, వస్తువుల నమూనాలు తయారుచేసుకునే టీ-వర్క్స్ ఉంది, హామ్‌లకి శిక్షణనిచ్చే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో కూడా అక్కడే ఉంది. బడికి ఏ బోర్డు కొనాలో ఒక చిన్న పత్రం రాసి, బెంగాలీలో, తెలుగులో, హిందీలో హెడ్‌మాస్టర్లకి అందించడం ఇలాంటి సంస్థలకి కష్టమైన పని కాదు. ఏ చిప్ ఉన్న బోర్డు అడగాలి, డబ్బా తెరిచాక ఏం పరీక్షించాలి, డ్రైవర్ అడిగితే వెనక్కి పంపడానికి టెండర్‌లో ఏ మాట ఉండాలి, ఈ మూడూ ఒక పేజీలో పడతాయి. 50,000 ల్యాబుల కొనుగోళ్లు ముగిశాక ఆ పేజీ ఎంత బాగా రాసినా ఉపయోగం ఉండదు. ఒకసారి బడి బీరువాలోకి చేరిన కిట్‌ని మన వ్యవస్థలో పదేళ్లదాకా ఎవరూ మార్చరు.